అద్దె కట్టాల్సినవాళ్ల అల్లరి: పేరు పడని స్క్రూబాల్ కామెడీలు ఎందుకు చూడాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' బాగా నచ్చింది. ఆ ఊపులో 'బ్రింగింగ్ అప్ బేబీ' పెట్టి సగంలో ఆపేశారు. 'ద ఫిలడెల్ఫియా స్టోరీ' చివరిదాకా చూశారు గానీ "డబ్బున్నవాళ్ల పెళ్లి గొడవ మనకెందుకు" అనిపించింది. పేరు మోసినవే ఇలా ఉంటే, ఎవరూ తలవని పాత స్క్రూబాల్ సినిమాలు (1930, 40ల హాలీవుడ్ తిక్క ప్రేమ కామెడీలు) వెతుక్కుని చూడటంలో అర్థముందా అని అడిగారు.

ఉందండీ. జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది. మొదటిది నచ్చి తర్వాతి రెండూ ఎందుకు ఎక్కలేదో ఒక్కసారి చూసుకోండి. క్లార్క్ గేబుల్, క్లాడెట్ కోల్బెర్ నటించిన ఆ సినిమాలో రాత్రి బస్సు ఉంది, కరిగిపోతున్న చిల్లర ఉంది, ముందు వద్దని తోసేసిన పచ్చి క్యారెట్‌ను ఆకలికి తాళలేక కొరకడం ఉంది. ఆమె కోటీశ్వరుడి కూతురే, కానీ చేతిలో చిల్లిగవ్వ లేదు. మిగతా రెండింట్లో రేపటి పూట ఎలా గడుస్తుందన్న బెంగ ఎవరికీ లేదు. 'బ్రింగింగ్ అప్ బేబీ' గొప్పదే, కాదనను. కానీ ఇంట్లో చిరుతపులి దిగినా కంగారుపడక్కర్లేనంత తీరికా ఆస్తీ ఉన్నవాళ్ల లోకం అది.

పాతికేళ్లకు పైగా ఈ సినిమాలు చూస్తున్నాను, మా మేడ మీద తెర కట్టి పదిమందికీ వేస్తున్నాను. పేరు పడనివాటిలో నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేవి ఏవా అని చూస్తే దాదాపు అన్నీ జీతం మీద బతికేవాళ్ల కథలే. హోటల్ సెలూన్లో గోళ్లు తీర్చే అమ్మాయి, పిల్లల పత్రిక ఆఫీసులో గుమస్తా, పండగ సీజన్‌కు మాత్రమే తీసుకున్న సేల్స్‌గర్ల్, ఇంట్లో సగం అద్దెకిచ్చుకునే ప్రభుత్వోద్యోగి. అద్దె ఎలా కట్టాలి, ఈ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న దిగులు కథ మొదట్లోనే మొదలవుతుంది. నవ్వంతా దాని మీదే నడుస్తుంది. ఆ దిగులు తీసేస్తే కథ కూలిపోతుంది. మన 'మిస్సమ్మ' (1955) గుర్తు తెచ్చుకోండి. నిరుద్యోగం లేకపోతే ఎన్టీఆర్, సావిత్రి మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి ఆ ఊరి బడిలో చేరాల్సిన పనేముంది? ఆ సినిమాకి నవ్వినవాళ్లకి ఈ సరుకు కొత్తేమీ కాదు.

స్క్రూబాల్ అన్న మాట గురించి ఒక్క ముక్క. అది బేస్‌బాల్ మాట. మామూలుగా వంపు తిరిగే బంతికి ఎదురు దిక్కున తిరిగేది. మన క్రికెట్ గూగ్లీ లాంటిదనుకోండి. 1934 ఆల్‌స్టార్ ఆటలో కార్ల్ హబ్బెల్ ఆ బంతితోనే బేబ్ రూత్ సహా ఐదుగురు మహామహుల్ని వరసగా ఔట్ చేశాడు. ఆ ఏడే ఈ రకం సినిమాలూ ఊపందుకున్నాయి. కుడికి వస్తుందనుకున్నది ఎడమకు పోతుంది, అంతే నిర్వచనం. పుస్తకాల్లో ఇంకా పెద్ద నిర్వచనాలుంటాయి, వాటితో మనకు పని లేదు.

ఇక అసలు సంగతికి, 'ఈజీ లివింగ్' (1937) దగ్గరికి వస్తాను. ఒకే ఒక్కటి చూస్తానంటే ఇదే చూడమంటాను.

వాల్ స్ట్రీట్‌లో జె.బి. బాల్ అని ఒక బడా బ్యాంకరు (ఎడ్వర్డ్ ఆర్నాల్డ్). పెళ్లాం 58,000 డాలర్లు పోసి సేబుల్ బొచ్చుకోటు కొన్నదని మండిపడి, దాన్ని మేడ మీంచి కిందికి విసిరేస్తాడు. అది సరిగ్గా ఫిఫ్త్ అవెన్యూలో పోతున్న డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తులో కూర్చున్న మేరీ స్మిత్ (జీన్ ఆర్థర్) నెత్తిన పడుతుంది. టోపీ మీది ఈక విరిగిపోతుంది. ఆమె గిర్రున వెనక్కి తిరిగి, ఏమిటిది, ఏమనుకుంటున్నారని నిలదీస్తుంది. వెనక సీట్లో తలపాగా చుట్టుకుని పుస్తకం చదువుకుంటున్నాయన తలెత్తి "కిస్మత్" అంటాడు. మళ్లీ పుస్తకంలో పడతాడు. ఇది మొదటిసారి మా మేడ మీద వేసినప్పుడు ఆ ఒక్క మాటకి రెండు నిమిషాలు గోల. తర్వాతి డైలాగులేవీ వినబడలేదు, వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

కోటు తిరిగివ్వడానికి వెళితే ఉంచుకోమంటాడాయన. పైగా విరిగిన టోపీకి బదులు కొత్తది కొనిపెడతాడు. అంతటితో ఊరంతా కోడై కూస్తుంది: ఈ పిల్ల బాల్ గారి మనిషట! ఆఫీసులో ఆ కోటు చూసి, ఇలాంటిది నీకెక్కడిదని అనుమానపడి ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఆమె పని చేసేది మగపిల్లలకు మంచి నడవడి నేర్పే పత్రిక మరి. ఇంకోపక్క లూయిస్ లూయిస్ అనే హోటల్ యజమాని, పేరు నిజంగానే అంతే, బాల్‌కు పీకల్లోతు అప్పున్నవాడు, ఈమెను మంచి చేసుకుంటే హోటల్ దక్కుతుందని రాజమహలు లాంటి గదుల వరస అప్పగిస్తాడు. ఆమెకు ఎందుకో తెలియదు. అంత పెద్ద గదుల్లో తినడానికి మాత్రం ఏమీ లేదు.

అందుకని ఆ సేబుల్ కోటు వేసుకుని, గుప్పెట్లో నాలుగు చిల్లర బిళ్లలతో ఆటోమాట్‌కు వెళుతుంది. ఆటోమాట్ అంటే గోడ నిండా గాజు తలుపుల గళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో తినుబండారం. నికెల్ బిళ్ల వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. సినిమా సెట్టింగు కోసం పుట్టించింది కాదు. హార్న్ అండ్ హార్డార్ట్ అనే కంపెనీ 1902లో ఫిలడెల్ఫియాలో, 1912లో న్యూయార్క్‌లో వీటిని తెరిచింది. చిట్టచివరిది 1991 దాకా నడిచింది. చేతిలో ఐదారు బిళ్లలున్నవాడు సైతం వెయిటరు చూపులు భరించకుండా తినగలిగిన చోటు. అక్కడ ఎంగిలి పళ్లేలు తీసే కుర్రాడు ఎవరో కాదు, బాల్ గారి అబ్బాయే (రే మిలాండ్). నాన్న డబ్బు లేకుండా బతికి చూపిస్తానని పంతం. ఆమె ఆకలి చూడలేక దొంగతనంగా ఒక తలుపు తీసిపెడతాడు, పట్టుబడతాడు, కొట్లాట మొదలవుతుంది. ఆ తోపులాటలో గోడ మీది తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఊరికే తిండి అన్న మాట వీధిలోకి పాకి జనం ఎగబడతారు. పళ్లేలు, సూపు, పైలు, జారిపడే మనుషులు. మధ్యలో 58,000 డాలర్ల కోటులో జీన్ ఆర్థర్ ఒక మూల కూర్చుని ప్రశాంతంగా తింటూనే ఉంటుంది.

1937లో ఆ సీను చూసి నవ్వినవాళ్లలో చాలామంది కొన్నేళ్ల కిందట ఉచిత సూపు కోసం వరసలో నిలబడ్డ జనం. 1933లో అమెరికాలో పనిచేయగలిగినవాళ్లలో దాదాపు నాలుగోవంతుకు పని లేదు. ఇప్పుడు మనకది తిండి పదార్థాలు విసురుకునే తమాషాగా కనిపిస్తుంది. వాళ్లకు మాత్రం ఆ తలుపులన్నీ ఒకేసారి తెరుచుకోవడం కల.

దీన్ని రాసింది ప్రెస్టన్ స్టర్జెస్, తీసింది మిచెల్ లైసెన్. ఇక్కడే మీ ఇంకో సందేహానికీ జవాబుంది: ఇంత బాగుంటే పేరెందుకు రాలేదు? నాకు తోచిన కారణాలు రెండు. లైసెన్ మొదట్లో సెట్లు, దుస్తులు రూపొందించేవాడు, సెసిల్ బి. డెమిల్ దగ్గర పనిచేసి దర్శకుడయ్యాడు. ఆయనకు రాసినవాళ్లిద్దరు, స్టర్జెస్, బిల్లీ వైల్డర్, తమ రచనల్ని ఆయన పాడుచేస్తున్నాడని వాపోయి తామే దర్శకులైపోయారు. స్టర్జెస్ 1940లో, వైల్డర్ హాలీవుడ్‌లో 1942లో. ఇద్దరూ తర్వాత మహానుభావులయ్యారు కాబట్టి వాళ్ల ఫిర్యాదే చరిత్రగా మిగిలింది. నా లెక్కలో లైసెన్‌కు అన్యాయం జరిగింది. స్టర్జెస్ సొంతంగా తీసినవాటిలో మనుషులు అరుస్తూ పరిగెడతారు. లైసెన్ తీసినవాటిలో అదే అల్లరి మధ్య ఎవరో ఒకరు ఆగి, అలసటగా కుర్చీలో కూలబడే క్షణం ఉంటుంది.

రెండో కారణం వ్యాపారం. ఈ సినిమా తీసిన పారామౌంట్ స్టూడియో తన 1950కి ముందరి టాకీలను 1958లో టీవీ హక్కుల వ్యాపారం చేసే ఎమ్‌సీఏకి గంపగుత్తగా అమ్మేసింది. అవి తర్వాత యూనివర్సల్ గోదాముల్లోకి చేరాయి. తమది కాని పాత సరుకును నెత్తిన పెట్టుకుని ఊరేగించే స్టూడియో ఏది? మన దగ్గర తొంభైల్లో కేబుల్ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కార్టూన్ నెట్‌వర్క్ రాత్రయ్యేసరికి టీఎన్‌టీగా మారిపోయేది. పిల్లలు ఏడ్చేవాళ్లు, నాబోటివాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కునేవాళ్లు. అందులో వచ్చేవి ఆ ఛానెళ్ల యజమాని టర్నర్ చేతిలో ఉన్న ఎమ్‌జీఎమ్, ఆర్‌కేఓ, వార్నర్ స్టూడియోల సినిమాలు. నా స్క్రూబాల్ పిచ్చి అక్కడే మొదలైంది. కానీ లైసెన్ అన్నవాడొకడున్నాడని తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఆయనదే 'హ్యాండ్స్ అక్రాస్ ద టేబుల్' (1935). కెరోల్ లాంబార్డ్ ఒక హోటల్లో మేనిక్యూర్ చేస్తుంటుంది. ప్రేమా దోమా నమ్మదు, డబ్బున్నవాణ్ని చేసుకుని ఈ బస్సుల్లో నలగడం తప్పించుకోవాలని మాత్రమే ఆశ. హోటల్ వరండాలో తొక్కుడుబిళ్ల ఆడుతున్న పెద్దమనిషిని (ఫ్రెడ్ మెక్‌ముర్రే) చూస్తుంది, గొప్పింటివాడని తెలుస్తుంది, అతని గోళ్లు తీర్చే అవకాశం వస్తే కంగారులో ఒక్కో వేలికీ గాటు పెట్టేస్తుంది. తీరా చూస్తే వంశం పేరు తప్ప అతని దగ్గరా ఏమీ లేదు, ఉన్నదంతా 1929 షేర్ల పతనంలో ఊడ్చుకుపోయింది. అతనూ అనాసపండ్ల వ్యాపారి కూతుర్ని డబ్బుకోసం చేసుకోబోతున్నాడు. ఇద్దరిదీ ఒకే రోగం. కాబోయే అత్తవారు బెర్ముడాకు పంపిస్తే ఓడ తప్పిపోయి, ఈమె ఇంట్లో తలదాచుకుంటాడు. అక్కడినుంచి పెళ్లికూతురికి ఫోన్ చేయాలి. లాంబార్డ్ ముక్కుతో మాట్లాడుతూ బెర్ముడా టెలిఫోన్ ఆపరేటరుగా మధ్యమధ్య దూరుతుంది. ఆ సీను చివర్లో ఇద్దరూ పడీ పడీ నవ్వేది నటన కాదని, లైసెన్ కెమెరా ఆపలేదని చెబుతారు. చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఈ సినిమాలో రాల్ఫ్ బెలామీ చక్రాల కుర్చీలో ఉండే మాజీ విమానచోదకుడు. డబ్బుంది, మనసుంది, ఈమె మీద ప్రేముంది. ఓడిపోతాడు. బెలామీ ఎప్పుడూ ఓడిపోతాడు, అది ఆయన వృత్తి. కానీ మిగతాచోట్ల ఓడినప్పుడు నవ్వుతాం, ఇక్కడ మాత్రం గొంతు పట్టేస్తుంది.

'మిడ్‌నైట్' (1939) వైల్డర్, చార్ల్స్ బ్రాకెట్ రాసింది. క్లాడెట్ కోల్బెర్ జరీ గౌనుతో వానలో ప్యారిస్ స్టేషన్లో దిగుతుంది. ఆస్తంతా చిల్లు నాణెం ఒకటి, ఇరవై ఐదు సాంతీమ్‌లు. తాకట్టు కొట్టు రసీదును ఆహ్వానపత్రంలా గుమ్మం దగ్గర ఇచ్చేసి గొప్పవాళ్ల కచేరీలోకి దూరిపోతుంది. తనను తిప్పిన హంగేరియన్ టాక్సీ డ్రైవరు (డాన్ అమీచీ) ఇంటిపేరునే తగిలించుకుని బేరనెస్‌నని, అంటే జమీందారు పెళ్లాన్నని, చెప్పుకుంటుంది. జాన్ బ్యారీమోర్ ఈమె గుట్టు వెంటనే కనిపెట్టి, బయటపెట్టడానికి బదులు పనిలో పెట్టుకుంటాడు: నా భార్య వెంట పడుతున్న ఆ కుర్రాణ్ని నువ్వు లాగేసుకో, ఖర్చు నాది. అప్పటికి బ్యారీమోర్ ఆరోగ్యం, జ్ఞాపకం రెండూ పాడై, డైలాగులు అట్టల మీద రాసి చూపిస్తే చదువుతూ నటించేవాడు. అది తెలిసి చూడండి. పక్కగదిలోంచి ఫోన్లో చంటిపిల్ల గొంతుతో మాట్లాడే సీనులో ఆయన కళ్లు మెరిసే తీరు ఇంకోలా కనిపిస్తుంది.

ఇక టీఎన్‌టీ పుణ్యమా అని నాకు దొరికిన మొదటి ముత్యం, ఆర్‌కేఓ వారి 'బ్యాచిలర్ మదర్' (1939). క్రిస్మస్ అమ్మకాలకోసం తీసుకున్న జింజర్ రోజర్స్‌ను పండగకు ముందే మానేయమంటారు. అదేరోజు అనాథాశ్రమం మెట్ల మీద ఎవరో వదిలిన పసివాణ్ని పడిపోకుండా పట్టుకుంటుంది. తలుపు తెరిచినవాళ్లు తల్లి ఈమే అనుకుంటారు. కాదు మొర్రో అని అరిచి గీపెట్టినా నమ్మరు. దుకాణం యజమాని కొడుకు (డేవిడ్ నివెన్) జాలిపడి ఉద్యోగం తిరిగిస్తాడు, బిడ్డతో సహా. అంటే బిడ్డ ఉంటేనే ఉద్యోగం. నిజమే పట్టుకుని కూర్చుంటే వీధిన పడుతుంది. ఎంత క్రూరమైన లెక్కో చూడండి, అయినా సినిమా దూదిలా తేలిపోతుంటుంది. నివెన్ తన సొంత దుకాణంలోనే మామూలు కొనుగోలుదారుడిలా వెళ్లి, చెడిపోయిన బొమ్మ బాతును మార్చుకోబోయి నానా అవమానాలూ పడే సీను, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన ఎవరికైనా చూపించండి. చివర్లో తాతగా చార్ల్స్ కోబర్న్, తండ్రెవరైతే నాకేం, తాతను మాత్రం నేనే అని గర్జిస్తాడు.

ఇలాంటి పేరు పెట్టి, ఇలాంటి అపార్థం మీద కథ నడిపి సెన్సారును ఎలా దాటారన్నది మీకు రావాల్సిన అనుమానం. 1934 జులై నుంచి హాలీవుడ్‌లో నీతి నియమావళిని జోసెఫ్ బ్రీన్ ఆఫీసు గట్టిగా అమలుచేసింది. పడకగది చూపించకూడదు, అక్రమ సంబంధం బాగున్నట్టు కనబడకూడదు. రాసేవాళ్లు దానికి విరుగుడు కనిపెట్టారు: తెర మీద ఏ తప్పూ జరగదు, జరిగిందని లోకం అనుకుంటుంది. మేరీ స్మిత్ ఏ తప్పూ చేయలేదు, 'బ్యాచిలర్ మదర్' అమ్మాయి బిడ్డను కనలేదు. పాపమంతా చూసేవాడి బుర్రలోనే. సెన్సారు వాడు దేన్ని కత్తిరిస్తాడు?

'థియొడోరా గోస్ వైల్డ్' (1936) కొంచెం వేరు, ఇందులో అద్దె బాధ లేదు, ఊరి బాధ ఉంది. కనెక్టికట్‌లో లిన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు, ఇద్దరు మేనత్తల పెంపకంలో బుద్ధిమంతురాలు ఐరీన్ డన్. ఊరి ఆడవాళ్ల సాహిత్య సంఘం ఒక బూతు నవలను చీల్చి చెండాడుతుంటే వింటూ కూర్చుంటుంది. రాసింది తనే, మారుపేరుతో. గుట్టు తెలిసిన చిత్రకారుడు (మెల్విన్ డగ్లస్) ఊరికొచ్చి తోటమాలిగా చేరి, ధైర్యంగా బతకమని ఉపదేశాలిస్తాడు. తీరా అతనికే ఇంట్లో నోరు పెగలని సంకటం ఉందని తెలిశాక, ఈమె న్యూయార్క్‌లో అతని ఇంట్లో మకాం పెట్టి అతని మందే అతనికి తాగిస్తుంది. తీసింది రిచర్డ్ బొలెస్లావ్‌స్కీ, మాస్కో ఆర్ట్ థియేటర్‌లో తయారైన పోలిష్ మనిషి. నటన గురువు స్టానిస్లావ్‌స్కీ శిష్యుడు ఇలాంటిది తీశాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. మరుసటి ఏడు మొదట్లోనే పోయాడు.

'ద మోర్ ద మెరియర్' (1943) గురించి తక్కువ చెబుతాను, చూసి తెలుసుకోవాల్సింది కాబట్టి. యుద్ధకాలపు వాషింగ్టన్, ఇళ్లు దొరకవు. జీన్ ఆర్థర్ తన ఇంట్లో సగం ముసలాయన కోబర్న్‌కు అద్దెకిస్తుంది. ఆయన తన సగంలో సగం జోయెల్ మెక్రేకి ఇచ్చేస్తాడు, ఆమెను అడక్కుండా. అమీర్‌పేట హాస్టళ్లలో పొద్దున్నే బాత్రూం కోసం వరస కట్టినవాళ్లకు, ఆమె నిమిషాల లెక్కన వేసిన టైంటేబుల్ సీనుకు సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. కోబర్న్‌కు ఆస్కార్ తెచ్చింది ఇదే. దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ దీని తర్వాత యుద్ధానికి వెళ్లి నాజీల డఖావ్ నిర్బంధ శిబిరాన్ని కెమెరాలో పట్టాడు. తిరిగొచ్చాక ఇలాంటి కామెడీ మళ్లీ తీయలేదు.

మొహమాటం లేకుండా చెప్పాల్సినవీ ఉన్నాయి. నల్లజాతివాళ్లు ఈ సినిమాల్లో పనిమనుషులుగా, రైలు పోర్టర్లుగా మాత్రమే కనిపిస్తారు, చాలాచోట్ల వాళ్ల భయం మీదే జోకు. 'ద పామ్ బీచ్ స్టోరీ' (1942)లో తాగిన వేటగాళ్లు రైలు బార్‌లో తుపాకులు పేల్చే ఘట్టం నాకు ఇష్టమైన సినిమాలో ఇష్టం లేని భాగం. 'నథింగ్ సేక్రెడ్' (1937)లో హీరో హీరోయిన్‌ను గుద్ది పడేస్తే నవ్వమంటారు. నేను నవ్వను. ఇక పేరు పడని ప్రతిదీ ముత్యం కాదు. స్టూడియోలు వేడి చల్లారకుండా అచ్చు వేసిన నకళ్లు బోలెడు, కోటీశ్వరుడి కూతురు ప్లస్ పత్రికా విలేఖరి అని కథ మొదలైతే జాగ్రత్తపడండి.

చూసే పద్ధతి: ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నామోషీ అక్కర్లేదు, ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడతారు. మసకబారిన ప్రింటు దొరికితే ఆగి మంచిదాని కోసం చూడండి, ముఖ్యంగా 'నథింగ్ సేక్రెడ్' టెక్నికలర్ సినిమా, కాపీరైట్ తీరిపోవడంతో వెలిసిపోయిన కాపీలే ఎక్కువ తిరుగుతున్నాయి. ఒంటరిగా ఫోన్లో కాకుండా ఇంకొకరితో చూడండి. చిన్న పాత్రలవాళ్ల మొహాలు గుర్తుపెట్టుకోండి. మనకు రేలంగి, రమణారెడ్డి తెరమీదికి రాగానే హాల్లో కదలిక వచ్చినట్టు, నాలుగో సినిమాకల్లా ఫ్రాంక్లిన్ పాంగ్‌బోర్న్ మూతి ముడవగానే మీరే నవ్వేస్తారు.

వరస కావాలంటే 'ఈజీ లివింగ్' (88 నిమిషాలు), 'బ్యాచిలర్ మదర్' (82), తర్వాత 'మిడ్‌నైట్', ఆపైన 'ద మోర్ ద మెరియర్'. ఈ నాలుగూ అయ్యాక, సగంలో వదిలేసిన ఆ చిరుతపులి సినిమాను మొదటినుంచి మళ్లీ పెట్టండి. అప్పుడు కూడా అదే చోట ఆపేస్తే ఇక్కడే చెప్పండి, మీతో వాదించను.